పిలువని పేరంటము

ఇతరుల వ్యవహారములలో తల దూర్చువానికి మన తెలుగువారు పెట్టినన్ని పేర్లు దొంగకు సైతము పెట్టలేదు. వాడు పిలువని పేరంటమునకు పోవువాడు; దారిని పోవు తగవును ఇంటికి తెచ్చుకొనువాడు; తనకు మాలిన ధర్మము చేయువాడు. ఊరి పెండ్లికి కుక్కల సందడి యను సామెతయు వాని నుద్దేశించినదే. సంస్కృతమున నీతికథలు చెప్పినవారును వానిని విడిచిపెట్టలేదు. పంచతంత్రమున కోతి యొకటి వడ్రంగులు సగము చీల్చి విడిచిన దూలముమీద కూర్చుండి, నడుమనున్న మేకును పెఱికి, ఆ చీలికలో చిక్కి చచ్చెను. హితోపదేశమున చాకలివాని గాడిద కథ కలదు. రాత్రివేళ యింట దొంగ ప్రవేశించెను. తనకు సరిగా తిండి పెట్టడని యజమానునిపై కినుక వహించి కుక్క మొఱుగక ఊరకుండెను. గాడిద, కుక్క చేయవలసిన పనిని తాను చేయబూని, గట్టిగా ఓండ్ర పెట్టెను. నిద్రాభంగమైన చాకలి లేచివచ్చి దానిని చావమోదెను. పరుల పనిలో జోక్యము తగదనుట కథకుని తాత్పర్యము.

ఈ కథను మేము తరగతిలో చెప్పినపుడెల్ల పిల్లలు గాడిదను తలచి నవ్వుదురు. ఒకసారి మాత్రము వెనుకబల్లమీది బాలిక యొకతె లేచి, "మఱి దొంగ యేమాయెనండి?" అని యడిగినది. కథకుడు ఆ సంగతి యెత్తలేదు. గాడిద తన హద్దు మీఱినదా లేదా యని శతాబ్దములుగా విచారించుచున్నారు గాని, ఆ రాత్రి యింట దొంగ యున్నమాట నిజమేగదా యని యోచించినవారు అరుదు. రాజమహేంద్రవరమున 1879 మొదలు కొన్ని సంవత్సరములు జరిగిన చరిత్రను చదువునపుడు ఆ బాలిక ప్రశ్నయే మాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848 లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1874 లో ధవళేశ్వరమున పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నుండి వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించిరి. అచ్చటనే బాలికల కొక పాఠశాలను నెలకొల్పిరి. పిమ్మట రాజమహేంద్రవరమున తెలుగు పండితులైరి. చిన్నయసూరి నీతిచంద్రికలో వ్రాయక విడిచిన సంధి విగ్రహములను తెలుగు చేసినవారిలో ఆయన యొకరు; నీతికథలు ఆయన యెఱుగనివి కావు. అయినను వివేకవర్ధని చేసిన పనియంతయు పరుల వ్యవహారములలో జోక్యమే. కచేరీలలోని లంచములు, న్యాయవాదుల మాయలు, ముదుసలికి పసిపిల్లను కట్టబెట్టు పెండ్లిండ్లు, శుభకార్యములలోని భోగము మేళములు, ఇవన్నియు ఆ పత్రిక పుటల కెక్కెను. బాల్యవివాహములను పరిహసించుచు ఆయన వ్రాసిన బ్రహ్మవివాహమను ప్రహసనము 1876 లో హాస్యసంజీవనిలో వెలువడెను. లంచ మిచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని లేని బాధ నడుమ ఈయన కేల యని పెద్దమనుష్యులు గొణుగుకొనిరి. అంతవఱకు గొణుగుటయే గాని కేకలు లేవు.

1879 ఆగస్టు 3 వ తేదీని ఆయన స్త్రీపునర్వివాహమును గూర్చి రాజమహేంద్రవరమున ఉపన్యసించిరి. అప్పటినుండి కేకలు మొదలైనవి. కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు పరాశరస్మృతిని ఆధారము చేసికొని పోరాడగా 1856 లోనే వితంతు పునర్వివాహ శాసనము పుట్టియుండెను. ఆ చట్టము వివాహమునకు చెల్లుబాటు కల్పించెనేగాని, మఱల పెండ్లియాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై గల హక్కును దాని రెండవ సెక్షనే తీసివేసెను. శాసనము పుట్టి యిరువదియైదేండ్లు కావచ్చుచున్నను, మన దేశమున బాలవితంతువుల గతి యథాపూర్వముగనే యుండెను. పంతులుగారి ఉపన్యాసముపై పండితులు వాదములకు దిగిరి. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారివంటి ప్రౌఢపండితులు ఎదురుపక్షమున నిలిచిరి. ఆ శాస్త్రవాదమును మేమిచ్చట త్రవ్వ దలచుకొనలేదు. శాస్త్ర మెఱుగని సామాన్య గృహస్థుని ఆక్షేపణయే మాకు ముఖ్యము. పిల్ల వారిది, కర్మ దానిది, నడుమ పరాయి మగవాని కేమి పని యనుట ఆ యాక్షేపణ సారము.

ఈ మాటలో న్యాయము లేకపోలేదు. ఇల్లు ఇంటివారిది. గడప దాటి లోపలికి వచ్చువానిని ఎవరు నీవని యడుగుట గృహస్థుని హక్కు. కాని అడుగుచున్నవారెవరో ఇంచుక చూడవలెను.

భర్త పోయిన పిల్ల యేమి తినవలెనో నిర్ణయించువారెవరు? ఒంటిపూట భోజనమని వీధి యంతయు నిర్ణయించును. ఆమె చేతి గాజులు ఏనాడు పగులగొట్టవలెనో పేరంటాండ్రు చెప్పుదురు. తల జుట్టు ఎంతకాల ముంచవచ్చునో పురోహితుడు చెప్పును. ఆలస్యమైనచో పొరుగమ్మ వచ్చి యడిగి పోవును. ఉదయమున ఆమె వీధిలోనికి ఏ వేళ రాగూడదో ప్రయాణమై పోవు ప్రతివాడును చెప్పగలడు. ఏ పెండ్లి పందిరిలో ఎచ్చట నిలువరాదో, పసుపు కుంకుమలు పంచునపుడు ఏ గదిలో దాగవలెనో చెప్పనివారు లేరు. తొమ్మిదేండ్ల పిల్లకు, మగని మొగమైనను సరిగా ఎఱుగని పిల్లకు, ఈ విధులన్నియు ఇంటి తలిదండ్రులు మాత్రమే విధించినవి కావు. అనేక గృహములలో తల్లి మనసున ఇష్టము లేకయే వానిని నడపెను. వీధి కన్నులకు వెఱచి నడపెను. పంతులుగారికి ముందే ఆ యింట జొఱబడి కూర్చున్నవారు ఊరివారందఱును. వారి రాకపోకలకు ఆచారమని పేరు. ఆయన రాక యొక్కటియే జోక్యమైనది.

1881 డిసెంబరు 11 వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని, బాలవితంతువైన గౌరమ్మకును వివాహము జరిగెను. ఆంధ్రదేశమున ఇది మొదటి వితంతువివాహముగా ప్రసిద్ధి కెక్కినది. ఆ వారము దాటకమునుపే రెండవది జరిగెను. ఆత్మూరి లక్ష్మీనరసింహముగారు, బసవరాజు గవర్రాజుగారు మొదలైన మిత్రులు తోడుపడిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. అల్లరిమూకలు పైబడునను భయముచే కళాశాల విద్యార్థులు కాపుండిరి. పోలీసుల సాయమును తీసికొనవలసివచ్చెను. ఒక పిల్ల పెండ్లికి పోలీసులు కావలసివచ్చినదనగా, ఆ పెండ్లిని తమ సొంత వ్యవహారముగా భావించినవారు ఊర ఎందఱుండిరో చదువరులు ఊహింపవచ్చును.

ఈ సందర్భమున పంతులుగారిని పొగడు వ్యాసములు చాల వచ్చినవి. రాజ్యలక్ష్మమ్మగారిని గూర్చి రెండు మాటలు చెప్పి పోవుదురు. మాకు మాత్రము ఆ వివాహ చరిత్రలో ప్రధానస్థానము వంటయింటిది, నీళ్లబిందెది. ఆమె తొలి పేరు బాపమ్మ. ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయమున 1861 లో కందుకూరివారి కోడలయ్యెను. పెండ్లి తలపెట్టినారని తెలియగానే వంటవారు మానిరి. నీళ్లు తెచ్చువారు మానిరి. బంధువులు ముఖము తప్పించిరి. ఆమె తానే బిందె చంకనెత్తుకొని గోదావరికి పోయి నీళ్లు తెచ్చి, వచ్చినవారందఱికిని వండి వడ్డించెను. ఆ కాలమున ఆ కుటుంబముల స్త్రీకి నీళ్లరేవు మన కిప్పటి వార్తాపత్రిక వంటిది. అచ్చట ఎవరు పలుకరించిరో, ఎవరు మడి చెఱుననుచు ప్రక్కకు జరిగిరో, ఎవరు వెనుకనుండి మాట విసరిరో, అదియంతయు ఒక్కొక్క బిందెతో పాటు ఆమె మోయవలసినదే. ఉపన్యాస మిచ్చినవారు మగవారు. ఆ యుపన్యాసమునకు వెల చెల్లించుట నీళ్లరేవున జరిగెను.

వెలి యనునది ఎట్లు పనిచేయునో నేటి యువతీయువకులలో అనేకులకు తెలియదు. అది ఎవని నోటను తిట్టుగా వెలువడదు. ఎవని చేతను దెబ్బగా పడదు. ఎవరికి వారు తమ పని మానుకొందురు, అంతే. పురోహితుడు రాడు. మంగలి రాడు. తద్దినమునకు భోక్తలు దొరకరు. ఇంట ఎవరైన కాలము చేసినచో మోయుటకు నలుగురు రారు. కూతునకు సంబంధము రాదు. చెల్లెలిని అత్తవారు పుట్టింటికి పంపరు. చేసినదేమని యెవరి నడిగినను, మా పని మేము చూచుకొనుచున్నామనియే బదులు వచ్చును. పరుల వ్యవహారమున జోక్యమును ఇంత పరిపూర్ణముగా నడపి, ఇంత నిర్దోషిగా కనబడు ఉపాయము మఱియొకటి లేదు. పెండ్లికి వచ్చి తాంబూలము పుచ్చుకొన్నవారిని వెలివేయగా, వారిలో కొందఱు ప్రాయశ్చిత్తము చేయించుకొని కులములో కలిసిరి. వారిని పిఱికివారనుటకు మాకు నోరు రాదు. ఇంట ఈడు వచ్చిన ఆడపిల్లలు గలవాడు ఎంతకాలము నిలువగలడు?

జాన్ స్టూవర్ట్ మిల్లు స్వేచ్ఛను గూర్చిన తన గ్రంథమును 1859 లో ప్రకటించెను. అంతకు కొంచెము ముందువఱకు ఆయన ఈస్టిండియా కంపెనీవారి లండను కచేరీలో ఉద్యోగి. ఒకని పని మఱియొకనికి హాని చేయనంతవఱకు అందులో ఎవరును జోక్యము కలిగించుకొనరాదనుట ఆయన మతమని అందఱును చెప్పుదురు. సంస్కరణమును ఎదిరించువారికి ఇది మంచి ఆయుధముగా తోచును. కాని రాజు చేయు నిర్బంధము కంటె లోకులు చేయు నిర్బంధము లోతుగా పోవుననియు, దానినుండి తప్పించుకొను త్రోవలు తక్కువయనియు ఆ పుస్తకపు మొదటి ప్రకరణముననే ఆయన హెచ్చరించెను. రాజమహేంద్రవరపు వెలిని ఆయన చూడలేదు. చూచియుండినచో ఇంతకంటె తగిన ఉదాహరణము దొరకియుండదు.

ఇది గతించిన కథ యనుకొనువారు గరగపర్రును తలచుకొనవలెను. భీమవరము చేరువనున్న ఆ గ్రామమున 2017 లో అంబేద్కరుగారి విగ్రహమును నిలుపు విషయమై తగవు పుట్టగా, దళితులకు పొలము పనులు లేకుండ చేసి వెలివేసిరని దేశమంతటను వార్త వ్యాపించెను. కాలువ నీటితో వరి పండు అదే డెల్టాలో, గౌరమ్మ పెండ్లికి నూట ముప్పదియైదేండ్ల పిమ్మట! 1881 లో వెలికి గుఱియైనవారు అగ్రవర్ణముల ఉద్యోగస్థులు, చదువరులు. వారికి జీతము ప్రభుత్వము నుండి వచ్చుచుండెను, కావలికి పోలీసులు వచ్చిరి. కూలి దొరకినగాని పొయ్యి వెలుగనివారిపై అదే ఆయుధము పడినపుడు దాని పదును వేఱు.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి పంతులుగారి జోక్యము సర్వవిధముల నిర్దుష్టమని మేము చెప్పుచున్నామని తలపరాదు. ఆయన నలుబదికి దగ్గఱగా వితంతువివాహములు చేసిరి. పెండ్లి చేయించుటతో పని తీఱలేదు. కులమునుండి వేఱైన దంపతులకు ఇల్లు చూచుట, భృతి యేర్పఱచుట, ఉద్యోగము వెదకుట, అన్నియు ఆయనమీదనే పడెను. ధనమునకు ఆశపడి వచ్చిన వరులు కొందఱు; కావలసినంత దొరకలేదని ఆయనతోనే కలహించినవారు కొందఱు. ఈ బాధలను ఆయన తన స్వీయచరిత్రమున దాచలేదు. ఒకరి సంసారమును నిలబెట్ట బూనినవాడు ఆ సంసారమునకు పెద్దదిక్కై, పిమ్మట అధికారియై, తుదకు నిందితుడై మిగులుట లోకసహజము. ఆయన మాత్రము మధ్యలో విడిచిపోలేదు. 1906 లో హితకారిణీ సమాజమును స్థాపించి తన ఆస్తిని దానికి ఒప్పగించిరి. పరుల పనికి పూనుకొన్నవారిలో తన మూట విప్పినవారు కొద్దిమంది. ఈయన వారిలో ఒకరు.

ఉత్తరమున విజయనగరమున ఇంచుమించు ఆ కాలముననే వేఱొక విధమైన జోక్యము జరిగెను. మహారాజా ఆనందగజపతివారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో శుల్కము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్లకు పట్టిక వ్రాయించిరి. మూడేండ్లలో 1034 వివాహములు లెక్కకు వచ్చినవని గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కము పీఠికలో చెప్పిరి. పెండ్లికూతులలో మూడు నాలుగేండ్ల పసివారును కలరు. ఎవరి యింటికిని పోలేదు, ఎవరి పెండ్లిని ఆపలేదు, లెక్క వ్రాసిరి. వ్రాసిన లెక్కను చూచుకొని సిగ్గుపడుటకు ఊరికి అవకాశము కలిగెను. ఆ నాటకము 1892 లో రంగ మెక్కెను. ఇట్టి జోక్యమును మేము మిక్కిలి మెచ్చుకొందుము.

ఇక చెప్పవలసినది కలవంతులను గూర్చి. సంస్కరణాభిమానులకు ఇది రుచింపకపోవచ్చును గాని, చెప్పకుండ దాటిపోవుట న్యాయము కాదు.

గోదావరి మండలములలో కలవంతుల కుటుంబములు ముఱమండ, మండపేట, బల్లిపాడు మొదలైన గ్రామములలో ప్రసిద్ధములు. ఆలయములలోను, మేజువాణీలలోను, పెండ్లి మేళములలోను పదములు, జావళులు పాడి అభినయించుట వారి వృత్తి. చదువు, సంగీతము, ఆస్తిపై హక్కు, ఈ మూడును ఆ కాలమున స్త్రీలకు ఒక్కచోట కనబడిన కొద్ది గృహములలో వారి గృహములును చేరును. వారి జీవితమున దుఃఖము లేదని మేమనము. పసిపిల్లను ఆమె ఇష్టము కనుగొనకయే వృత్తిలో దింపుట అన్యాయమనుటకు సందేహము లేదు. వీరేశలింగము పంతులుగారును, కాకినాడలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును భోగము మేళములను మాన్పింప పూనుకొనిరి. వారి యుద్దేశము గృహస్థుల శీలమును కాపాడుట. కాని ఆ యుద్యమమున సభలు చేసినవారును, ప్రతిజ్ఞలు పట్టినవారును, మేళము పిలువమని ఒట్టు పెట్టుకొన్నవారును మగవారే. గౌరమ్మ పెండ్లి విషయమున ఊరివారు ఏ యపరాధము చేసిరని పైని చెప్పితిమో, ఆ యపరాధమే ఇచ్చట సంస్కర్తలవలన జరిగెను. ఎవరి బ్రతుకును గూర్చి తీర్మానించుచున్నారో వారిని ముందు కూర్చుండబెట్టుకొని, మీకేమి కావలెనని యడిగినవారు తక్కువ.

అడుగకపోయినను ఒకతె బదులు చెప్పెను. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరున ప్రతాపసింహుని ఆస్థానమున నుండిన ముద్దుపళని రాధికాసాంత్వనమను కావ్యమును రచించెను. పంతులుగారు తమ ఆంధ్రకవుల చరిత్రమున ఆమె జాతిని, ఆమె కవిత్వములోని శృంగారమును తీవ్రముగా నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు, ఆమెయు ఆ వృత్తికి చెందిన విదుషీమణియే, ఆ కావ్యమును పరిష్కరించి 1910 లో అచ్చు వేయించిరి. దాని పీఠికలో పంతులుగారికి ఆమె వేసిన ప్రశ్న సూటియైనది: సిగ్గు, మర్యాద యనునవి స్త్రీలకే గాని పురుషులకు అక్కఱలేదా? పురుషకవులు ఇంతకంటె విచ్చలవిడిగా వ్రాసిన శృంగారమును మెచ్చుకొనుటకు ఆయనకు అడ్డురాని నీతి ఇచ్చటనేల అడ్డు వచ్చినదని ఆమె నిలదీసిరి. మరుసటి యేడు ప్రభుత్వమువారు ఆ పుస్తకమును నిషేధించిరి. వితంతువు నోరు తెఱచుటకు అంత పోరాడిన మహాపురుషుడే మఱియొక స్త్రీ నోటికి అడ్డమగుట చూచి మేము చింతించుచున్నాము. ఆయన గొప్పతనము దీనిచే చెడదు. కాని పాఠములు చెప్పునపుడు ఈ భాగమును దాచి చెప్పుట మాకు సమ్మతము కాదు.

నాగరత్నమ్మగారు నోరు మెదపక యుండలేదు, తిరువయ్యూరున త్యాగరాజస్వామివారి సమాధికి ఆలయము కట్టించి, అంతవఱకు స్త్రీలను పాడనీయని ఆరాధనలో స్త్రీలకు చోటు కల్పించిరి. ఆమె వలెనే మాటలాడగల శక్తి డెల్టా గ్రామములలోని కలవంతులలో ఎందఱికి గలదు? చట్టము వచ్చినపుడు వారి మాన్యములు, మేళములు, గౌరవము అన్నియు ఒక్కమాఱుగా కదలెను. పిల్లల పెండ్లిండ్లకై ఇంటిపేరు చెప్పుకొనుటకు జంకినవారు కలరు. వృద్ధ స్త్రీలు కొందఱు తలుపులు వేసికొని, పొరుగువారికి వినబడకుండ, తాము నేర్చిన పదములను తమలో తాము పాడుకొనుచు అనేక సంవత్సరములు గడిపిరి. ఆ పాటలు వినుటకు పరిశోధకులు వారి గడపలు వెదకుకొనుచు వచ్చునప్పటికి పాడగలిగినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది మిగిలిరి.

మదరాసు దేవదాసీ నిషేధ శాసనము 1947 లో వచ్చెను. పెండ్లి మేళములను సైతము అందులోనికి చేర్చుచు ఆంధ్రమున 1956 లో దానికి సవరణ జరిగెను. రాధికాసాంత్వనముపై నుండిన నిషేధము, ఒకప్పుడు రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షులుగా నుండిన టంగుటూరి ప్రకాశము పంతులుగారి పూనికచే, అదే 1947 లో తొలగెను. నాగరత్నమ్మగారు మఱియైదేండ్లు జీవించి, 1952 లో కన్ను మూసిరి.